ముందుకేసిన జడ

అమ్మవారికి చీర కట్టాలంటే ముందు ఆమెకో నడుము చేయాలి. ఉత్సవమూర్తి మూరెడు పంచలోహం. వంగదు, ఒరగదు. వరిగడ్డిని పలచగా పరిచి, పాత ధోవతి గుడ్డలో చుట్టి, జనపదారంతో బిగించి, కింద కొంచెం లావు, పైన సన్నం వచ్చేటట్టు కట్ట కట్టి విగ్రహానికి ఆనించి నిలబెట్టాలి. చీర ఆ గడ్డికట్టకు కడతారు. దండం మాత్రం అమ్మవారికి పెడతారు.

ఈ పని జగన్నాథాచార్యులు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి కట్టిన చీరలో అమ్మవారు దారం బిగించిన బియ్యం మూటలాగా ఉండేది. ఆ మాట శాలిబండ గల్లీలో ఎవరూ పైకి అనలేదు గానీ కొడుక్కి తెలుసు. కొడుకు చెయ్యి వేరే చెయ్యి. కొంగు అంచుకూ పాపిటకూ నడుమ రెండు వేళ్ల సందు విడిస్తే కొత్త పెండ్లికూతురు. ఒక వేలు విడిస్తే పిల్లల తల్లి. అంచు నుదుటి మీదికి దిగిందంటే లోపల ఏదో దుఃఖం దాచుకున్న మనిషి. ఇది ఏ శాస్త్రంలోనూ రాసి లేదు. లలితమంజరి దగ్గర నేర్చుకున్నాడు.

లలితమంజరి సినిమాల్లో వేషాలు కట్టే మనిషి. ఈ కొద్ది ఏండ్లలోనే ఆమె రాణి అయింది, కండ్లు లేని చెల్లెలు అయింది, పొలానికి గంజి మోసే రైతు కోడలు అయింది, ఒక బొమ్మలో పండ్లూడిన అత్త కూడా అయింది. మొహం అదే. కొంగు మారితే మనిషే మారిపోయేది. రాణిని చూసి వచ్చిన ఏడు జగన్నాథం చేతిలో రాజ్యలక్ష్మి అలంకారంలో అమ్మవారికి భుజాలు నిలిచాయి. రైతు కోడలిని చూసి వచ్చిన ఏడు ధాన్యలక్ష్మి కొంగు నడుముకు చెక్కుకుంది. "మన ఇంటి మనిషి లెక్కనే ఉన్నది తల్లి" అని ఆడవాళ్లు మెటికలు విరిచారు. అర్చకుడి చేతిలో అమ్మవారే కూచుని కట్టించుకుంటున్నదని పేరు పడింది. ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి చెవుల వెనక వేడి పుట్టేది.

ఈసారి సరిగ్గా నవరాత్రుల నడుమ కొత్త బొమ్మ వచ్చింది.

"ఉస్మాన్‌గంజ్ దాకా పోయొస్త. పచ్చకర్పూరం తేవాలె," అన్నాడు భార్యతో, మధ్యాహ్నం నైవేద్యం అయినాక.

"మొన్ననే తెస్తిరి గదా," అంది కోమలవల్లి, విస్తరాకులు కుడుతూ.

"అది ముక్కిపోయిన వాసన. పనికిరాదు."

నయాపూల్ దాటినాక ఒక కొళాయి ఉంది. అక్కడ పై కండువా తడిపి నుదుటి నామం తుడుచుకున్నాడు. అదే కండువాను పిలకతో సహా తలకు చుట్టాడు. అద్దం లేదు గానీ, తుడిచిన చోట తిరుచూర్ణం ఎర్రగా చార మిగిలి ఉంటుందని తెలుసు. రెండోసారి రుద్దాడు, మూడోసారి రుద్దాడు. తర్వాత దొంగలాగా తల వంచుకుని టాకీసులోకి పోయి, బెంచీ మీద ఒక మూలకు కూచున్నాడు.

ఈ బొమ్మలో లలితమంజరి భోగం మనిషి. తివాచీ మీద ఒక పక్కకు ఒరిగి కూచుంటుంది. జడ ఎడమ భుజం మీంచి ముందుకు పడి ఉంటుంది. కొంగు తలకు ఒక పక్కనే. రెండో పక్క చెవి బయటికి ఉండి, ఆ చెవి మీద ఒక చామంతి. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టూ ఉంటుంది, ఇక ఎవరూ రారని తెలిసినట్టూ ఉంటుంది. ఎవరో పారేసిన ఆడపిల్లను తెచ్చి, తన పేరు తగలకుండా వేరే ఇంట్లో పెంచి, ఆ పిల్ల పెండ్లినాడు పందిరి బయట నిలబడి నాలుగు అక్షింతలు విసిరి వెళ్లిపోతుంది. జగన్నాథం కండువా కొస నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పక్కనున్నవాడు "క్యా భాయ్, పెండ్లిల నీకు లడ్డు దొరకలేదా?" అని మోచేత్తో పొడిచాడు.

ఇంటికొచ్చి, బావి దగ్గర కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్లు పోసుకున్నాడు. అతను సినిమాకు పోయిన ప్రతిసారీ పోసుకునేవే అవి. మైలతో అమ్మవారిని తాకలేదని తనకు తాను చెప్పుకోవడానికి. కోమలవల్లి చేద లాగుతూ చూసింది.

"ఎవరన్న పోయిన్రా?"

"బజార్ల ఎవరో తాకిన్రు."

ఆమె అతని నుదుటి వైపు చూసింది. ఇంకో చేద తోడి ఇచ్చింది.

సాయంత్రం బాలమ్మ పూలబుట్టతో వచ్చింది. కిషన్‌బాగ్ మనిషి, అత్త కాలం నుంచి ఈ గుడికి పూలు వాళ్లవే. ముఖమండపం గడప బయట ఒక నల్లరాయి ఉంది. దాని మీదే కూచుని కట్టేది, అక్కడినుంచే లోపలికి అందించేది. గడప దాటేది కాదు. అలంకారం చూడాలన్నా జనం పలచబడ్డాక రాయి మీద నిలబడి మెడ సాచి చూసేది.

"రేపు సౌభాగ్యలక్ష్మి గదా అయ్యగారూ. జడ మామూలేనా?"

"కాదు," అన్నాడు జగన్నాథం. "ఈసారి ముందుకేసే జడ. ఎడమ భుజం మీదికెల్లి రావాలె. పైన లావు, కిందికొస్తుంటె సన్నం. నడుమ నడుమ మరువం. కొసకు కుచ్చు వద్దు, కనకాంబరాల ముడి ఒక్కటి చాలు."

బాలమ్మ చేతులు ఆగాయి. నోట్లో ఉన్న నారపోగు తీసి నవ్వింది. "అయ్యో నా తల్లీ! గిది లలితమంజరి జడ గదయ్యగారూ! కొత్త బొమ్మల గిట్లనే ఏసుకున్నది."

"ఏ మంజరి?" అన్నాడు, మొహం గోడవైపు తిప్పి.

"మీకేం ఎరుక తియ్యుండ్రి. నేనైతె మొదటాటకే పోయిన. 'దాని బొమ్మొస్తె నీకు జరమొస్తదే' అని మా ఇంటాయన ఓదెలు ఒకటే లొల్లి. రానీ, జరమే రానీ. మొన్న రాణి, నిన్న గుడ్డిపిల్ల, గిప్పుడేమొ భోగంది. ఒక్క మనిషి గన్ని తీర్లెట్లయితదో! మనకు ఒక్క తీరుగ బతకనీకే పానం పోతున్నది."

"చాలు చాలు. గుడిల గా ముచ్చట్లేంది?"

"బయట్నే ఉన్న గదా," అంది బాలమ్మ, మళ్లీ నారపోగు పండ్ల నడుమ పెట్టుకుంటూ.

*

ఒక్క జడే అనుకున్నాడు. జడతో ఆపుదామనే అనుకున్నాడు.

తెల్లవారకముందే తెర వేసుకుని కూచున్నాడు. గడ్డికట్టను ఈసారి నిటారుగా కాక వేలెడు పక్కకు ఒరిగించాడు, జడ బరువుకు అలాగే కావాలి గదా అని. ఒరిగిస్తే కుచ్చెళ్లు ఒక పక్కకు జారాయి, జారితే బాగున్నాయి. ముదురు ఆకుపచ్చ పట్టు, ఎర్రంచు. కొంగు తల మీద రెండు పక్కలా రావడం లేదు, ఒరిగిన పక్కకు ఒక్కటే నిలిచింది. గుండుసూది పెట్టాడు. బాలమ్మ పంపిన జడ తడిగుడ్డ విప్పి తీశాడు. కుబుసం విడిచిన పాములాగా నున్నగా ఉంది. భుజం మీంచి ముందుకు వేశాడు. ఇక చెవి ఒట్టిగా కనిపించింది. చామంతి ఒకటి తీసి చెవి మీద పెట్టి, వెనక్కి జరిగి చూశాడు.

చూసి, ఏం చేశాడో తెలుసుకున్నాడు. పువ్వు తీసేద్దామని చెయ్యి పోయింది. పోయిన చెయ్యి పువ్వు దగ్గరే ఆగిపోయింది. ఇంత బాగా అతని చేతి కింద ఎన్నడూ కుదరలేదు.

తెర తీశాడు. మండపంలో ఎవరో ముసలామె "తల్లీ!" అని గుండెలు పట్టుకుంది. మధ్యాహ్నానికి గల్లీ దాటి మాట పోయింది. సైదాబాద్ నుంచి కూడా మనుషులు వచ్చారు. ధర్మకర్త విఠల్‌రావు, కచేరీలో పెద్ద ఉద్యోగి, ఎవరినీ తొందరగా మెచ్చుకోని మనిషి, అందరి ముందూ జగన్నాథం భుజం మీద చెయ్యి వేశాడు.

"కమాల్ చేసిన్రు ఆచార్లుగారూ. మీ నాయనగారు చూసి ఉంటె ఎంత ఖుష్ అయ్యేటోరో."

జగన్నాథం తల వంచుకున్నాడు. అది వినయమనుకున్నారు.

సందెహారతికి విఠల్‌రావు భార్య రాధాబాయి కొత్తకోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. సూర్యప్రభ అని, చదువుకున్న పిల్ల, పుట్టింటివాళ్లు నయాపూల్ అవతల ఉంటారు. హారతి వెలుగు అమ్మవారి మొహం మీదికి లేచింది. చేతులు జోడించి చూస్తున్న ఆ పిల్ల ఫక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"ఏందే, అమ్మ ముందల నవ్వు?"

"అత్తయ్యా, లలితమంజరి! అచ్చం లలితమంజరే! గా భోగందాని బొమ్మల... గా పువ్వు, గా జడ..."

హారతి గంట ఒక్క క్షణం తప్పింది. వాయిస్తున్నది జగన్నాథమే. మళ్లీ అందుకున్నాడు. కానీ ఆ మాట అప్పటికే మండపంలో ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోతూ ఉంది. పొద్దున "తల్లీ" అన్న ముసలామె చెంపలు వేసుకుంది.

*

మర్నాడు విఠల్‌రావు మండపంలో చాప మీద కూచున్నాడు. పక్కన రాధాబాయి. స్తంభం దగ్గర సూర్యప్రభ, నిన్నటి నవ్వుకు ఇంకా సిగ్గుపడుతూ. గల్లీవాళ్లు అక్కడక్కడా నిలబడ్డారు. గడప బయట, నల్లరాయి పక్కన, బాలమ్మ. బుట్ట కిందపెట్టి, కొంగు భుజం చుట్టూ లాక్కుని నిలబడింది. వంటింటి వసారాలో కోమలవల్లి, పులిహోర పళ్లెం పట్టుకుని.

"జడ ఎవరు కట్టిన్రు?" అని అడిగాడు విఠల్‌రావు.

ఎవరినని అడగలేదు. అందరి చూపూ జగన్నాథం మీదికి వచ్చింది.

"బాలమ్మ," అన్నాడు జగన్నాథం.

నిజమే. అంత నిజమైన మాట అతను ఎప్పుడూ అని ఉండడు.

"అయ్యగారు చెప్పిన తీరే కట్టిన దొరా," అంది బాలమ్మ బయటినుంచి. "పైన లావుండాలె, కింద సన్నముండాలె, మరువం పెట్టాలె. అంతా ఆయన చెప్పిందే."

విఠల్‌రావు తల తిప్పాడు. "మీరు చెప్పిన్రా?"

జగన్నాథం వసారా వైపు చూశాడు. ఆ వసారా గుడిది. అందులో వంటిల్లు, వెనక బావి, పైన పెంకులు, అన్నీ గుడివే. అందులో నిలబడ్డ కోమలవల్లి మొహంలో ప్రశ్న లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"ముందుకేసే పూలజడ కావాలన్న," అన్నాడు. "అంతే."

"గట్ల చెప్పు మరి," అన్నాడు విఠల్‌రావు బాలమ్మతో. "ఆయన పూలజడ అడిగిండు. సినిమా జడ నువ్వు కట్టినవు."

"జడ అట్ల వంకరగ కడితె పాపం ఆయన మాత్రం ఎటు వేస్తడు?" అంది రాధాబాయి. "దేవుని లోకంల ఉండే మనిషి. ఎట్లొస్తె అట్ల వేసిండు."

"జడ సరే అత్తయ్యా," అంది సూర్యప్రభ మెల్లగా. "కొంగు మరి? కొంగు ఎవరు..."

"నువ్వు లోపలికి నడువు. చేసింది చాలు."

బాలమ్మ జగన్నాథాన్ని చూస్తోంది. తలుపు తట్టి, లోపల మనిషి అలికిడి విని, గడియ తీస్తాడని నిలబడ్డవాళ్లు చూసే చూపు. అతను తాంబాళంలో ఉన్న తులసి దళాలు ఒకటొకటి సర్దసాగాడు. సర్దినవే మళ్లీ సర్దాడు.

"దొరా," అంది చివరికి. "నేను ఎన్నడన్న గడప దాటిన్నా? అమ్మకు చెయ్యెట్ల పెడ్త?"

"చెయ్యి పెట్టకుంటనే గింత చేసినవు. పెడితె ఇంకేం చేస్తువో!" అన్నాడు విఠల్‌రావు.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో తీర్పు అయిపోయింది. బొమ్మల పిచ్చిది, గల్లీ అంతా ఎరుకే, రోజూ ఆ రాయి మీద కూచుని దాని కథలే చెప్తుంది, దేవుని పూలకు దాని చెయ్యి పనికిరాదు. తలా ఒక మాట వేశారు. ఆమె తెచ్చిన ఆనాటి పూలు కూడా లోపలికి తీసుకోలేదు. బాలమ్మ వంగి, బుట్టను నెత్తికెత్తుకుంది. ఎత్తుకునేటప్పుడు సాయం పట్టే అలవాటుతో వసారాలోంచి కోమలవల్లి ఒక అడుగు ముందుకు వేసి, విఠల్‌రావును చూసి ఆగింది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అంది: "బాలమ్మ లోపలికే రాదు గదా."

"నీకెందుకు?"

"నాకెందుకు," అంది కోమలవల్లి. పప్పు గిన్నె దగ్గరికి జరిపి, వేరే గదిలోకి వెళ్లిపోయింది. అతను ముద్ద కలిపి, కలిపిన ముద్దను అట్లాగే చూస్తూ కూచున్నాడు.

*

పూలు ఇప్పుడు బజారు నుంచి సాయిలు అనే అతను తెస్తున్నాడు. ముడులు వదులు, మెడలో వేస్తుండగానే రేకులు రాలేవి. జగన్నాథం అలంకారాలు మళ్లీ తండ్రి కట్టినట్టే కట్టాడు. నిటారుగా, రెండు పక్కలా కొంగు, బిగించిన మూట. "ఇది పద్ధతి" అన్నాడు విఠల్‌రావు. ఆ మెప్పు మొదటి మెప్పు కన్నా ఎక్కువ కుట్టింది.

దసరా ముందురోజు జగన్నాథం కిషన్‌బాగ్ పోయాడు. ఈసారి నామం తుడవలేదు.

బాలమ్మ ఇంటి ముందు గోనెపట్టా పరిచి బంతిపూలు గుచ్చుతోంది, ఎవరి దుకాణం గుమ్మానికో. సూదీ దారంతో గుచ్చే పని, చిన్నపిల్లలైనా చేస్తారు. జడలు అల్లే ఆ చేతులకు అది పనే కాదు. తలెత్తి చూసింది, లేవలేదు.

"మా అరుగు మీద మీరు కూసోరు గదా. నిలబడుండ్రి."

అతను నిలబడ్డాడు. "రేపు అందరి ముందల చెప్త బాలమ్మా. బొమ్మ నేనే చూసిన, కొంగు నేనే కట్టిన అని చెప్త."

"చెప్పేటోళ్లయితె గా పొద్దే చెప్తుంటిరి."

"చెప్త. నువ్వు రా. వచ్చి విను."

ఆమె సూదికి పువ్వు ఎక్కించి కిందికి జార్చింది. "మీరు సూసినట్టు నాకు ఎరుకనే. బొమ్మ సూడనోడు గా కొలత చెప్పలేడు. 'ఏ మంజరి' అన్నప్పుడు నవ్వొచ్చింది, అంతే. మగోళ్లు శానమంది గట్లనే సూస్తరు, సూడనట్టు."

"నీకు కోపం లేదా?"

"ఉన్నది," అంది. "కాని మీరనుకున్న కాడ లేదు. గుడి పోయింది, ఇంకో గుమ్మం దొరికింది. పోరగాండ్లు నన్ను భోగందాని చెల్లె అంటున్నరు, అననీ. గని ఆమెను అంటున్నరు సూడుండ్రి, గందుకున్నది. అమ్మోరి మీద దాని నీడ పడ్డదంట. గుడి కడగాలన్నరంట. ఆమె ఏం చేసిందయ్యగారూ గా బొమ్మల? పరాయి పిల్లను సాది, పెండ్లికి పందిట్లకు గూడ పోలే. అంతకన్న లచ్చిమి ఏం చేస్తది? మొత్తం సూసినోడు గా మాట అననిస్తడా?" దారం పండ్లతో కొరికింది. "మీరు మొత్తం సూసిన్రు గదా."

ఆమె ఇంకో దారం తీసుకుని సూది బెజ్జం వెలుగుకు పట్టింది. అతను అక్కడ ఉన్నాడన్న సంగతి మరిచినట్టే ఎక్కించుకుంది.

*

దసరా పొద్దున మండపం నిండిపోయింది. కొత్త బట్టల గంజివాసన, సాంబ్రాణి పొగ. హారతి ముగిసింది. తీర్థానికి చేతులు చాచబోయిన జనాన్ని ఆపి, జగన్నాథం గర్భగుడి గడప ముందు నిలబడ్డాడు. బయట, నల్లరాయి దగ్గర, బాలమ్మ కనిపించింది. వచ్చింది.

"ఒక్క మాట," అన్నాడు. "సౌభాగ్యలక్ష్మి అలంకారం... అది బాలమ్మ తప్పు కాదు. ఆ సినిమా నేను చూసిన. జడ నేను చెప్పిందే. కొంగు నేను కట్టిన, పువ్వు నేను పెట్టిన. శిక్ష వేస్తె నాకు వెయ్యండి."

చెప్పేశాడు. పడబోయే పిడుగు కోసం కండ్లు దించుకుని నిలబడ్డాడు.

ముందు ఒక ముక్కు చీదిన శబ్దం వినిపించింది. రాధాబాయి కొంగుతో కండ్లు ఒత్తుకుంటోంది.

"ఎంత మనసు ఆయనది!" అంది. "ఒక పూలమ్మేదాని కోసం ఎంత మాట నెత్తిన వేసుకుంటున్నడు చూడు!"

"నిజం రాధాబాయిగారూ. నేను నిజమే..."

"మహాత్ములు గట్లనే ఉంటరు," అన్నారెవరో వెనకనుంచి. "బీదోళ్ల పాపం తాగుతరు."

"లేదు, వినండి. నేను పోయిన. నా కాళ్లతోని పోయిన."

విఠల్‌రావు నవ్వుతూ లేచాడు. ప్రేమగా చూశాడు, ముద్దుగా అబద్ధమాడే పిల్లవాణ్ణి చూసినట్టు. "సరే ఆచార్లుగారూ. ఏ టాకీసుల చూసిన్రో చెప్పుండ్రి మరి. కూసున్నది ఎక్కడ? నామం పెట్టుకోనే పోయిన్రా?"

మండపమంతా నవ్వింది. జవాబు అతని నాలుక మీదే ఉంది. టాకీసు, బెంచీ, కొళాయి, కండువా. ఒక్కటి చెప్తే చాలు, నవ్వు అక్కడే తెగిపోతుంది. నోరు తెరిచాడు. తెరిచినప్పుడు స్తంభం పక్కన కోమలవల్లి కనిపించింది. ఆమె ఒక్కతే నవ్వడం లేదు. లోపలున్న అంతమందిలో అతన్ని నమ్మింది ఆమె ఒక్కతే. పళ్లెం అంచు గట్టిగా పట్టుకుని, తలను అటూ ఇటూ, చూసీ చూడనంతగా ఆడించింది.

జగన్నాథం నోరు మూసుకున్నాడు.

"చూసిన్రా?" అన్నాడు విఠల్‌రావు అందరివైపు తిరిగి. "పాపం, అబద్ధం చెప్పనీకె గూడ చేతగాని మనిషి." మళ్లీ నవ్వారు. ఈసారి ఆ నవ్వులో భక్తి ఉంది. "సరే. ఆయన మొహం చూసి మాఫ్ చేస్తున్న. బాలమ్మా, ఇటు రా. గడప దగ్గరికి రా. అయ్యగారి పుణ్యాన మళ్ల పూలు తే. గని ఒక్క షర్తు. అమ్మ ముందల కర్పూరం మీద ఒట్టెయ్యాలె, ఇగ సినిమా చూడనని. ఆచార్లుగారూ, కర్పూరం వెలిగియ్యండి. మీరే చెప్పించండి ఒట్టు."

పళ్లెంలో కర్పూరం ఎవరు వేశారో, ఎవరు వెలిగించారో జగన్నాథానికి తెలియలేదు. పళ్లెం తన చేతిలో ఉంది. జనం దారి ఇచ్చారు. అతను మండపం గడప దాకా నడిచాడు. అటు బాలమ్మ. మంట ఇద్దరి నడుమ. ఆమె నెత్తి మీద కొంగు సరిచేసుకుంది.

"ఏమని ఒట్టెయ్యాలె అయ్యగారూ?" అంది. "చెప్పుండ్రి."

అందరూ చూస్తున్నారు. అతని పెదాలు కదిలాయి.

"ఇగ... సినిమా... చూడనని."

ఆ మూడు ముక్కలూ అతని గొంతులోంచే వచ్చాయి. బాలమ్మ కాసేపు అతని మొహంలోకి చూసింది. నవ్వలేదు, ఏడ్వలేదు. మంట మీదికి చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, చీరకు తుడుచుకుంది.

"చూస్త," అంది.

"ఏందే?" అన్నాడు విఠల్‌రావు.

"చూస్త దొరా. ఆమెది ఇంకో బొమ్మొస్తున్నదంట, పిచ్చిదాని వేషమంట. దానికీ పోత. ఎన్నొస్తె అన్నీ చూస్త. అమ్మ ముందల అబద్ధమాడుమంటె నాతోని గాదు." మెడ సాచి లోపలికి చూసింది. జనం తలల మీదుగా ఎంత కనిపించిందో ఏమో, రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "పోయొస్త తల్లీ."

గల్లీ మలుపు దాకా ఆమె వీపు కనిపించింది. నడకలో తొందర లేదు.

"పొగరు," అన్నారు. "మంచికి రోజుల్లేవు," అన్నారు. "మీ దయంతా బూడిదల పోసినట్టయింది ఆచార్లుగారూ," అన్నాడు విఠల్‌రావు. కర్పూరం కాలిపోయి పళ్లెం నల్లబడింది. జగన్నాథం వెనక్కి నడిచి గర్భగుడి ముందు తన చోట నిలబడ్డాడు. తీర్థం గిన్నె అందుకున్నాడు.

మొదట రాధాబాయి వచ్చింది. తీర్థానికి చెయ్యి చాచలేదు. రెండు మోకాళ్లూ వంచి, అతని పాదాల మీద తల పెట్టింది. "మీ వంటి మనిషి మా గుడిల ఉండుడు మా అదృష్టం," అంది. ఆమె వెనక ఇంకొకరు వంగారు, వాళ్ల వెనక ఇంకొకరు. ఆనాడు పొద్దున "తల్లీ" అని, సాయంత్రం చెంపలు వేసుకున్న ముసలామె తన కొంగుతో అతని పాదాల మీది పసుపు తుడిచి కండ్లకద్దుకుంది.

జగన్నాథం కాళ్లు వెనక్కి తీసుకోబోయాడు. మడమలకు అమ్మవారి గడప తగిలింది.